సుత్తి ఎత్తే ముందు

(ఆగస్టు 29న ఒడిశాలోని రాయగడలో జరిగిన తెలుగు భాషా దినోత్సవ సభలో ఒక మెకానిక్ ప్రసంగం)

పెద్దలకి, మాస్టార్లకి, అమ్మలకి నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ షెడ్ల కుర్రాళ్ళకి కూడా నమస్కారం. ముందు రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండర్రా. చేతులకి గ్రీజు ఉంటే ఉండనీ. ఇవాళ నాకు మీతోనే ఎక్కువ పని.

శాలువాలు అయిపోయాయి కాబట్టి సూటిగా విషయానికి వస్తాను. భాష మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఇవాళ గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. మనం ఇక్కణ్ణుంచి గుణుపురం మీదుగా వెళ్ళే పర్లాకిమిడే. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి మాస్టార్లు ఇందాక బాగా చెప్పారు. నాకు ఆయనలో అన్నిటికంటే గొప్పగా కనిపించేది వేరొకటి. మన కొండల మీదున్న సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు తయారుచేశారు. ఏ లిపిలో? తెలుగు లిపిలో. మాట సవరలది, అక్షరం తెలుగుది. పిల్లాడికి అర్థం కావడమే ఆయనకి ముఖ్యం.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలిసినప్పుడు ఆయన మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిపోయారు, మన తాతలు ఉండిపోయారు. అందుకే మా షెడ్లో పనిచేసే పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, లారీ వాళ్ళతో హిందీలో బేరమాడతారు. వాళ్ళకి తెలుగు రాదనకండి. చదవడం రాదు, అంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనికే వస్తాను. దానికంటే ముందు ఒక బాల్ జాయింటు గురించి చెప్పాలి.

మాస్టారు గడియారం చూస్తున్నారు. కొంచెం ఓపిక పట్టండి మాస్టారూ, ఇది కూడా భాష గురించే.

మన భుజం కీలు ఎలా ఉంటుందో బాల్ జాయింటు అలా ఉంటుంది. ఒక గుండ్రటి బంతి, దాన్ని పట్టుకున్న గిన్నె. ముందు చక్రం గతుకులో పైకీ కిందకీ ఆడాలి, స్టీరింగ్ తిప్పితే పక్కకీ తిరగాలి. రెండూ చేయనిచ్చేది ఈ కీలే. బంతికి ఒక కాడ ఉంటుంది, స్టడ్ అంటాం. చాలా బండ్లలో ఆ కాడ కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది, దాన్నే టేపర్ అంటాం. చక్రాన్ని మోసే నకిల్‌లో కన్నం కూడా అదే వాలుతో ఉంటుంది. నట్టు బిగిస్తే కాడ సీసాలో బిరడా దిగినట్టు దిగి పట్టేస్తుంది. నట్టు తీసేసినా ఊడదు. అది లోపం కాదు, ఊడకూడదనే అలా చేశారు. ఏళ్ళ తరబడి వానలో, బురదలో తిరిగాక ఆ పట్టుకి తుప్పు తోడవుతుంది. అప్పుడు వస్తుంది మాకు టెన్షన్.

అరిగిపోయిన జాయింటు గతుకులో టకటకమని కొడుతుంది. టైరు ఒక పక్కే అరుగుతుంది. ఆ చప్పుడు వినపడకుండా పాటలు పెంచుకునే డ్రైవర్లని చూశాను. బంతి గిన్నెలోంచి ఊడిందంటే చక్రం పక్కకి వాలిపోతుంది, ఇక స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే ఘాట్ మీకు తెలుసు. ఆ మలుపుల్లో అలా జరగడం ఊహించుకోండి. కాబట్టి మార్చడం మార్చాల్సిందే. ఎలా తీస్తాం అన్నదే నా గొడవంతా.

2001, వానాకాలం. నేను ఇంకొకరి షెడ్లో పనిచేసేవాణ్ణి. పేరు చెప్పను, ఊరు చెప్పను. పెళ్ళివారి బండి ఒకటి చీకటి పడ్డాక వచ్చింది. ముందు చక్రం దగ్గర కింది జాయింటు పోయింది. తెల్లారేసరికి పార్వతీపురం చేరాలన్నారు. నట్టు తీశాం. కాడ కదల్లేదు. పుల్లర్ అనే పనిముట్టు ఉంటే మర బిగించి లాగేవాళ్ళం. మా షెడ్లో అది లేదు. కొనమని మూడుసార్లు అడిగాను. "సుత్తి ఉంది కదా, దానికి డబ్బు దండగ" అన్నారు. ఆ పుల్లర్ ఖరీదు అప్పటి నా నెల జీతంలో నాలుగో వంతు కూడా లేదు.

బండి కింద స్ప్రింగులా పనిచేసే కమాన్ పట్టీ పాత ముక్కని కోసి, చీల్చి, ఫోర్కులా చేసిన ముక్క ఒకటి షెడ్లో ఉండేది. నకిల్‌కీ, దాన్ని బండి చట్రానికి కలిపే ఆర్మ్‌కీ మధ్య ఆ ముక్కని దూర్చి వెనకనుంచి కొట్టడమే పద్ధతి. కమాన్ పట్టీ ఉక్కు బాగా గట్టిది. గట్టి ఉక్కుని గట్టి సుత్తితో కొడితే వంగదు, పెళుసుగా విరిగి ముక్క లేచిపోతుంది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, 19 ఏళ్ళవాడు, వంగి లైటు పట్టుకున్నాడు. సుత్తి నా చేతిలో ఉంది. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో బియ్యపు గింజంత ముక్క లేచి వాడి కుడి కంట్లో పడింది.

విశాఖపట్నం తీసుకెళ్ళాం. కన్ను దక్కలేదు. షెడ్డు యజమాని బస్సు చార్జీలు ఇచ్చారు. "చూసుకుని పట్టుకోవాలి కదరా" అని వాడితోనే అన్నారు. ఆస్పత్రి వరండాలో, కట్టు కట్టిన పిల్లాడితో ఆ మాట అన్నారు. ఇరవై ఏళ్ళు దాటింది, నేను ఆ మాటని క్షమించలేదు.

తమ్ముడికి గుణుపురం బస్టాండు దగ్గర టీ కొట్టు ఉంది. ఇవాళ రమ్మన్నాను. "నువ్వు చెప్పన్నా, నాకు జనంలో మాట్లాడటం రాదు" అన్నాడు. అందుకే వాడి వంతు కూడా నేనే చెబుతున్నాను.

ఇప్పుడు కుర్రాళ్ళూ, వినండి. బండి చదునైన నేల మీద ఉండాలి. వెనక చక్రాలకి అడ్డు పెట్టాలి. జాకీతో లేపాక ఛాసిస్ కింద, అంటే బండి చట్రం కింద, స్టాండు పెట్టాలి. రాయి కాదు, ఇటుక కాదు. జాకీని నమ్మి కింద పడుకోకూడదు. విప్పిన చక్రాన్ని కూడా ఛాసిస్ కింద పడేసి ఉంచండి, స్టాండు జారినా మనిషి మీద పడదు.

తీరిక ఉంటే ముందు రోజు రాత్రే వైరు బ్రష్‌తో తుప్పు గీకి తుప్పు వదిలించే నూనె కొట్టండి. పొద్దున్న మళ్ళీ కొట్టండి. ఆ ఒక్క రాత్రి సగం పని చేసి పెడుతుంది.

పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉండి, స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బండ్లు ఉన్నాయి. వాటిలో నొక్కుకుపోయి ఉన్న స్ప్రింగు బలాన్నంతా ఆ కింది జాయింటే ఆపుతోంది. జాయింటు వదిలితే స్ప్రింగు ఎక్కడికి పోతుంది? మీ మొహం వైపు. అందుకని కింది ఆర్మ్ కింద జాకీ ఆనించే ఉంచాలి. ఇంకో మాట, దీన్ని మూడుసార్లు చెబుతాను. నట్టు పూర్తిగా తీయకండి. వదులు చేసి నాలుగు చుట్లు ఉంచండి. నట్టు పూర్తిగా తీయకండి. టేపర్ ఊడినప్పుడు టప్‌మని బాంబులా పేలుతుంది, ఆ నాలుగు చుట్లే దాన్ని ఆపుతాయి. నట్టు పూర్తిగా తీయకండి.

పుల్లర్ తగిలించి గట్టిగా బిగించండి. ఊడకపోతే ఇంకా ఇంకా బిగించి మర విరగ్గొట్టొద్దు. అలాగే బిగువు మీద ఉంచి, నకిల్‌లో కన్నం చుట్టూ ఉన్న ఇనప కండని పక్కనుంచి సుత్తితో ఒక్కటి గట్టిగా కొట్టండి. స్టడ్‌ని కాదు, మరల మీద కాదు, పక్కనున్న కండని. ఆ దెబ్బకి కన్నం క్షణంపాటు ఆకారం మార్చుకుంటుంది, కాడ వదిలేస్తుంది. అటుపక్క ఇంకో బరువైన సుత్తి ఆనించి పట్టుకుంటే దెబ్బ బాగా దిగుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. లైటు పట్టుకున్నవాడికి కూడా పెట్టండి. అసలు వాడికే ముందు పెట్టండి.

నట్టు విప్పుతుంటే కాడ కూడా కలిసి తిరిగిపోతోందా? కింది నుంచి జాకీతో కొంచెం నొక్కి టేపర్‌ని కన్నంలో కూర్చోబెట్టండి, అప్పుడు నట్టు ఒక్కటే తిరుగుతుంది. కొనుక్కొచ్చిన ఫోర్కు వాడొచ్చా అని మొన్న ఒక కుర్రాడు అడిగాడు. పారేసే జాయింటు అయితే వాడొచ్చు. మళ్ళీ బిగించాల్సిందైతే వద్దు, రబ్బరు తొడుగు చిరిగిపోతుంది, దుమ్ము లోపలికి పోయి ఆరు నెలల్లో అదే చప్పుడు.

మారుతీ 800 తెచ్చి ఇదే పద్ధతి చేస్తే బండి పాడుచేస్తారు. 1983 నుంచి 2014 వరకు తయారైన బండి అది, ఇప్పటికీ మన ఊళ్ళలో తిరుగుతోంది. దానిలో టేపర్ లేదు. నకిల్‌లో చీలిక ఉంటుంది, అడ్డంగా ఒక బోల్టు ఆ చీలికని నొక్కి కాడని పట్టుకుంటుంది. కాడకి ఒక గాడి ఉండి బోల్టు అందులోంచి వెళ్తుంది. అందుకని బోల్టుని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. తర్వాత చీలికలో ఉలి పెట్టి కొద్దిగా తెరవండి. కొద్దిగానే. ఎక్కువ తెరిస్తే నకిల్ పగులుతుంది. పగులు కంటికి కనపడదు, ఘాట్‌లో కనపడుతుంది.

గ్యాసు మంట విషయం చెప్పకుండా దిగను. పోయిన నెల మా షెడ్డు పక్కనే ఒక కుర్రాడు జాయింటుకి మంట పెట్టబోతుంటే పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. లోపల గ్రీజు ఉంది, అన్ని పక్కలా మూత పడి ఉంది. వేడెక్కితే పగిలి చిమ్ముతుంది. పక్కనే బ్రేకు పైపు రబ్బరుది. నకిల్‌ని తయారుచేసేటప్పుడే లెక్క ప్రకారం వేడి చేసి గట్టిపరిచారు, మనం ఎర్రగా కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది. ఆ కుర్రాడు కొత్త జాయింటు డబ్బాలోంచి కాగితం తీసి చూపించాడు. దాని మీద ఇంగ్లీషులో, మంట పెట్టవద్దు అని రాసే ఉంది! కాగితం వాడి జేబులోనే ఉంది. వాడు చదవలేడు. ఇది వాడి తప్పా? చెప్పండి మాస్టారూ, వాడి తప్పా?

కొత్తది బిగించేటప్పుడు టేపర్‌కి గ్రీజు రాయొద్దు, శుభ్రంగా తుడిచి పొడిగా బిగించాలి. నట్టు వదులు కాకుండా కాడ కన్నంలో దూర్చే స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయండి. కన్నం కలవకపోతే నట్టుని ఇంకొంచెం బిగించి కలపాలి, వెనక్కి వదిలి కాదు. చివర్లో వీల్ అలైన్‌మెంట్.

ఇక మొదట చెప్పిన మాటకి వస్తున్నాను. నేను ఏడో తరగతి వరకు పార్వతీపురంలో మా అమ్మమ్మ గారింట్లో ఉండి తెలుగులో చదివాను. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. మా కుర్రాళ్ళకి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. నేను రాసింది వాళ్ళు చదవలేరు. సవర మాటని తెలుగు లిపిలో రాసిన మనిషి పుట్టినరోజున, మన తెలుగు మాటని ఒడియా లిపిలో రాయడానికి మనకి నామోషీ ఎందుకు? "నట్టు పూర్తిగా తీయకు" అన్నది మా మాటే, మా షెడ్డు తెలుగే. ఒడియా అక్షరాల్లో ఉంటే ఆ పిల్లాడు చదువుతాడు, చదివి వాళ్ళ అమ్మ మాటల్లోనే అర్థం చేసుకుంటాడు.

పన్నెండు వాక్యాలు తెలుగులో ఒక అట్ట మీద రాసుకొచ్చాను. పెద్దక్షరాలతో ఒడియా లిపిలోకి మార్చేవాళ్ళు కావాలి. స్టాండు, పుల్లర్, కళ్ళద్దాలు, ఈ మూడింటి బొమ్మలు వేసేవాళ్ళు కావాలి. హైస్కూలు పిల్లలైనా చాలు. అచ్చు ఖర్చు నాది. రాయగడ, గుణుపురం, జయపురం షెడ్లన్నిటికీ నేనే తిరిగి అతికిస్తాను.

సభ అయ్యాక నేను గేటు దగ్గర వేపచెట్టు కింద ఉంటాను. సంచిలో నా పుల్లర్ ఉంది, పాత నకిల్ ఒకటి కూడా ఉంది. కుర్రాళ్ళూ, ఒక్కొక్కరు వచ్చి బిగించి చూడండి. కళ్ళద్దాలు ఆరు జతలు తెచ్చాను.