కుక్క ఎవరిని చూసి మొరుగుతుంది, ఎందుకు?

హోస్ట్: "మా టామీ మనిషిని చూడగానే మంచోడో చెడ్డోడో పట్టేస్తది." హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళినా ఈ మాట వింటాం. నిజమేనా అన్నా?

ట్రైనర్: మంచితనం పట్టదు మేడం. నడక, వాసన, ఆకారం పడుతుంది. హెల్మెట్ తీయని మనిషికి మొహం కనపడదు, వీపు మీద ఇంత పెద్ద బ్యాగు. డెలివరీ అబ్బాయిలతో గొడవ సగం అక్కడే. బోనాలప్పుడు చూడండి, రోజూ ఎదురయ్యే మనిషే ఒంటికి పసుపు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడాతో పోతరాజుగా వస్తే, గల్లీ కుక్కకి అతను కొత్తవాడే.

హోస్ట్: భయపడేవాళ్ళ మీదికే వస్తాయంటారు?

ట్రైనర్: భయపడితే చెమట వాసన మారుతుంది, కుక్కకి అది తెలుస్తుంది. కానీ అసలు చిక్కు మన చేష్టలతో. దాన్నే తేరిపార చూస్తాం, చేతులు పైకి లేపుతాం, పరిగెత్తుతాం.

హోస్ట్: ఇంట్లోవాళ్ళని చూసి కూడా నేర్చుకుంటాయా?

ట్రైనర్: క్యోటో యూనివర్సిటీ వాళ్ళు 2015లో ఒక ప్రయోగం ప్రచురించారు. యజమాని డబ్బా మూత రాక పక్కవాళ్ళని సాయం అడుగుతాడు, కొందరు సాయం చేస్తారు, కొందరు మొహం తిప్పేసుకుంటారు. ఇంకో పక్క ఏ సంబంధం లేని మనిషి. తర్వాత ఇద్దరూ తినడానికి ఇస్తే, మొహం తిప్పుకున్నవాళ్ళ దగ్గర కుక్కలు తక్కువగా తీసుకున్నాయి. సాయం చేసినవాళ్ళకి మాత్రం ప్రత్యేక మర్యాదేమీ దక్కలేదు!

హోస్ట్: అచ్చం మన చుట్టాల్లాగే.

ట్రైనర్: (నవ్వు) అయితే రోజూ బెల్ మోగినప్పుడు నేర్చుకునేది దీనికన్నా ఎక్కువ. కుక్క మొరిగింది, డెలివరీ అబ్బాయి పార్సిల్ ఇచ్చి వెళ్ళిపోయాడు. తను మొరగబట్టే వెళ్ళాడని దాని లెక్క. రేపు ఇంకాస్త గట్టిగా మొరుగుతుంది.

హోస్ట్: మాన్పించాలంటే?

ట్రైనర్: ఉడకబెట్టిన చికెన్, ఉప్పు కారం లేకుండా, శనగగింజంత ముక్కలు. తెలిసినవాళ్ళని దూరంగా నిలబెట్టండి. ఎంత దూరమంటే, కుక్క వాళ్ళని చూడాలి, మొరగకుండా మీ చేతిలోది తినాలి. తినట్లేదంటే దగ్గరైపోయారని అర్థం, వెనక్కి రండి. మనిషి కనపడ్డాకే ముక్క పెట్టాలి, కనుమరుగైతే ఆపేయాలి. 5 నిమిషాలు చాలు. చాలామంది ముందు చికెన్ చూపించి తర్వాత మనిషిని పిలుస్తారు. అప్పుడు చికెన్ చూస్తేనే కుక్కకి కంగారు మొదలవుతుంది.

హోస్ట్: వచ్చినవాళ్ళ చేత్తోనే పెట్టిస్తే స్నేహం కుదరదా?

ట్రైనర్: భయపడే కుక్కతో అది వద్దు. తిండి కోసం మెడ చాచి దగ్గరికొస్తుంది. ముక్క అయిపోగానే తను ఎవరి పక్కన ఉందో గుర్తొస్తుంది, అప్పుడే కరుస్తుంది. ముక్కని కుక్క వెనక్కి విసరమనండి. తినడానికి వెనక్కి వెళ్తుంది, ఇష్టమైతే తనే మళ్ళీ వస్తుంది.

హోస్ట్: కుక్కపిల్లలకి?

ట్రైనర్: 3 నుంచి 14 వారాల లోపు రకరకాల మనుషుల్ని చూపించాలి. గొడుగు, చేతికర్ర, బురఖా, యూనిఫాం, చిన్నపిల్లలు. టీకాలు పూర్తి కాలేదని గదిలోనే ఉంచేస్తే ఆ వయసు దాటిపోతుంది. నేల మీద దించకుండా ఎత్తుకుని గేటు దాకా తిప్పండి.

హోస్ట్: లిఫ్టులో పక్కింటి కుక్క ఎదురైతే ఏం చేయాలి?

ట్రైనర్: తోక ఊపుతోంది కదా అని చెయ్యి పెట్టొద్దు. తోక నిటారుగా, బిగుసుకుని ఊగుతుంటే అది స్నేహం కాదు. మాటిమాటికీ మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనపడటం, ఒక్కసారిగా కదలకుండా అయిపోవడం, ఇవన్నీ వద్దని చెప్పడమే. పక్కకి తిరిగి నిలబడండి. అది దగ్గరికొస్తే తల మీద కాదు, ఛాతీ పక్కన 3 సెకన్లు నిమిరి ఆపండి. ఇంకా ఆనుకుంటే నిమరొచ్చు, మొహం తిప్పుకుంటే వదిలేయండి. లిఫ్టులో అది తప్పుకోవడానికి చోటుండదు కాబట్టి, అసలు తర్వాతి లిఫ్టుకి ఆగడమే మేలు.