సెట్టింగ్స్ పేజీ దాచినంత మాత్రాన సరిపోతుందా?

అందరికీ నమస్కారం. విండోస్‌లో సెట్టింగ్స్ పేజీలు యూజర్ల కంటపడకుండా చేసే పాలసీ ఒకటుంది, సెట్టింగ్స్ పేజ్ విజిబిలిటీ. విండోస్ 10లో 1703 వెర్షన్‌తో వచ్చింది. హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ (ఇలాంటి పాలసీలు పెట్టే టూల్) ఉండదు కాబట్టి ఆ ఎడిషన్‌ను పక్కన పెడదాం.

ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, కంట్రోల్ ప్యానెల్ వరకు వెళ్లండి. పాలసీని ఎనేబుల్ చేశాక పెట్టెలో ఒకే ఒక్క వరుస రాయాలి. ముందు హైడ్ (రాసిన పేజీలను దాచుతుంది) గానీ షోఓన్లీ (రాసిన పేజీలనే చూపిస్తుంది) గానీ, దాన్ని ఆనుకుని కోలన్, తర్వాత పేజీల పేర్లు, పేరుకూ పేరుకూ మధ్య సెమీకోలన్. ఉదాహరణకు "హైడ్:నెట్‌వర్క్-ప్రాక్సీ;డేట్‌అండ్‌టైమ్". కొట్టేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి. తప్పులు దొర్లేదీ ఇక్కడే: సెమీకోలన్‌కు బదులు కామా పెడతారు, లేదా పేజీ చిరునామా మొదట్లో ఉండే "ఎంఎస్-సెట్టింగ్స్:" ముక్కను కూడా అతికించేస్తారు.

రెండింట్లో ఏది వాడాలి? అందరూ వచ్చి వాడిపోయే కియోస్క్ అయితే షోఓన్లీ. ఉద్యోగి రోజంతా పనిచేసుకునే మెషీన్ అయితే నా ఓటు హైడ్‌కే. షోఓన్లీ పెడితే రేపు అప్‌డేట్‌తో వచ్చే కొత్త పేజీ కూడా మాయమవుతుంది, అది ఎందుకు లేదో ఎవరికీ గుర్తుండదు. హైడ్‌తో దానికి తలకిందులు: కొత్త పేజీ అడక్కుండానే కనిపిస్తుంది, జాబితాను మళ్లీ చూసుకోవాలి.

మార్పు దానంతటది చేరాలంటే 90 నిమిషాలు, దానిపైన మరో 30 దాకా పట్టొచ్చు. ఆగలేకపోతే జీపీఅప్‌డేట్ ఫోర్స్ కమాండ్ కొట్టి, సెట్టింగ్స్ మూసి మళ్లీ తెరవండి. అయినా మారకపోతే, ఏ పాలసీ వర్తించిందో చూపించే జీపీరిజల్ట్ రిపోర్ట్ తీయండి. డొమైన్ పాలసీ (సంస్థ సర్వర్ నుంచి వచ్చేది) ఉంటే లోకల్ పాలసీ దాని ముందు నిలవదు.

దాచిన పేజీని లింకుతో తెరవబోతే ఎర్రర్ రాదు, సెట్టింగ్స్ మొదటి పేజీ వస్తుంది. యూజర్ మాత్రం యాప్ పాడైందని ఫిర్యాదు చేస్తారు. హెల్ప్‌డెస్క్‌కు ముందే చెప్పి ఉంచండి. కంప్యూటర్ వైపు పెట్టిన పాలసీ అడ్మిన్‌కూ వర్తిస్తుందన్నది ఇంకో సంగతి.

ఇక అసలు విషయం. ఈ పాలసీ పేజీని దాచుతుంది, యూజర్ హక్కును ముట్టుకోదు. ప్రాక్సీ (నెట్‌కు వెళ్లే దారిలో ఉండే మధ్యవర్తి సర్వర్) పేజీ దాచారు, బాగుంది. యూజర్ రన్ బాక్సులో ఐనెట్‌సీపీఎల్ డాట్ సీపీఎల్ కొట్టి, తెరుచుకునే ఇంటర్నెట్ ప్రాపర్టీస్ విండోలో కనెక్షన్స్ ట్యాబ్‌లో ల్యాన్ సెట్టింగ్స్ నొక్కితే అదే ప్రాక్సీ చేతికొస్తుంది. దాన్ని ఆపడానికి యూజర్ కాన్ఫిగరేషన్‌లో విండోస్ కాంపొనెంట్స్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కింద ప్రివెంట్ చేంజింగ్ ప్రాక్సీ సెట్టింగ్స్ విడిగా పెట్టాలి.

డేట్ అండ్ టైమ్ పేజీదీ ఇదే తంతు. గడియారం మార్చే హక్కు మామూలు యూజర్‌కు ఎలాగూ లేదు, కానీ టైమ్ జోన్ మార్చే హక్కు డిఫాల్ట్‌గానే ఉంది. టీజెడ్‌యుటిల్ కమాండ్‌తో క్షణంలో మార్చేస్తారు. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో లోకల్ పాలసీస్, యూజర్ రైట్స్ అసైన్‌మెంట్‌కు వెళ్లి, చేంజ్ ద టైమ్ జోన్ జాబితాలోంచి యూజర్స్ గ్రూపును తీసేయండి. తర్వాత అడ్మిన్ ఖాతాతో కాకుండా మామూలు ఖాతాతో లాగిన్ అయి, అదే కమాండ్ మీరే కొట్టి చూడండి.