కాటా దగ్గర 9600 ఎక్కడికి పోయింది?

వ్యాఖ్యాత: పాలకొల్లు నుంచి ఒక తమ్ముడు లైన్లో ఉన్నాడు. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమండి. మాది రైస్ మిల్లండి. కాటా బరువు కంప్యూటర్లోకి తీసుకునే ప్రోగ్రాం పాత విజువల్ బేసిక్ 6లో ఉంటే, సీషార్ప్‌లోకి మారుస్తున్నాను. కాటా తగిలించిన పోర్టు తెరుచుకుంటోంది గానీ, బాడ్ రేటు, అంటే డేటా వచ్చే వేగం, ఏదేదో చూపిస్తోందండి.

నిపుణురాలు: పోర్టు సెట్టింగులు ఇచ్చే విండోస్ ఫంక్షన్ గెట్‌కామ్‌స్టేట్‌తోనేనా చదువుతున్నావు బాబూ?

కాలర్: ఆయ్, అదేనండి.

నిపుణురాలు: ఆ సెట్టింగులన్నీ వరసగా ఉండే డీసీబీ స్ట్రక్చర్‌లో మొదటి రెండు ఫీల్డులకీ ఏ టైపు పెట్టావు?

కాలర్: పాత కోడ్‌లో లాంగ్ అని ఉందండి. ఇక్కడా లాంగే పెట్టాను.

నిపుణురాలు: మొదటి ఫీల్డులో ఎంత వస్తోందో చదువు.

కాలర్: 41231686041628 అండి.

నిపుణురాలు: కాలిక్యులేటర్ తీసి దాన్ని 4294967296తో భాగించు. అది రెండు ఘాతం 32.

కాలర్: ఉండండి... 9600 వచ్చిందండి! శేషం 28.

నిపుణురాలు: నీ బాడ్ రేటు అదే. 28 ఏమో మొదటి ఫీల్డులో ఉండాల్సిన డీసీబీ మొత్తం సైజు, బైట్లలో. విజువల్ బేసిక్ 6లో లాంగ్ 4 బైట్లు, సీషార్ప్‌లో 8. విండోస్ నాలుగేసి బైట్ల చొప్పున రెండు అంకెలు రాస్తే, నీ మొదటి ఫీల్డు రెండిటినీ కలిపి చదివేసింది. అక్కడి నుంచి ప్రతి ఫీల్డూ జరిగిపోయింది. విండోస్ వాళ్ల పత్రాల్లో డీవర్డ్ అని ఉంటే 4 బైట్ల యూఇంట్, వర్డ్ అని ఉంటే 2 బైట్ల యూషార్ట్ పెట్టు. చివర్లో క్యారెక్టర్ అని ఉన్నవాటికి బైట్ పెట్టు. అన్నీ అయ్యాక, స్ట్రక్చర్ సైజు చెప్పే మార్షల్ సైజ్‌ఆఫ్ వేసి చూడు. 28 రాకపోతే ముందుకెళ్లకు.

వ్యాఖ్యాత: ఈయనకి తప్పు అంకె కనిపించింది కాబట్టి దొరికింది. కనిపించకపోతే?

నిపుణురాలు: నా భయమంతా దాని గురించేనండి. ఈయన స్ట్రక్చర్ ఉండాల్సినదానికన్నా పెద్దది, కాబట్టి తప్పు అంకెతో సరిపోయింది. అదే చిన్నదైతే విండోస్ గట్టు దాటి పక్క చేలోకి నీళ్లు వదిలినట్టు పక్క మెమరీలో రాసేస్తుంది. ప్రోగ్రాం ఎప్పుడో, సంబంధం లేని చోట కూలుతుంది. అందుకే టైపు పేరు చూసి మోసపోకూడదు. ఎన్ని బైట్లు, మైనస్ అంకెలు వస్తాయా రావా, ఈ రెండూ చూసుకోవాలి. తెరిచిన పోర్టుకో ఫైలుకో విండోస్ ఇచ్చే గుర్తు హ్యాండిల్. దానికి మాత్రం ఇంట్‌పాయింటర్ వాడు బాబూ. అది 32 బిట్‌లో 4 బైట్లు, 64 బిట్‌లో 8. అసలు పోర్టు పని వరకే అయితే డాట్‌నెట్‌లో సీరియల్‌పోర్ట్ క్లాసు ఉంది, అది వాడుకోవడమే మేలు.

కాలర్: అలాగేనండి. ఇంకొక్కటండి. రైతుల పేర్లతో తెలుగులో ఫోల్డర్లు పెట్టాం. క్రియేట్‌ఫైల్ అనే విండోస్ ఫంక్షన్‌తో వాటిలో ఫైలు తెరిస్తే ఎర్రర్ 123 వస్తోంది.

నిపుణురాలు: విండోస్ ఫంక్షన్‌ని సీషార్ప్‌లోకి తెచ్చే డీఎల్‌ఎల్‌ఇంపోర్ట్‌లో, అక్షరాలు ఏ పద్ధతిలో పంపాలో చెప్పే క్యార్‌సెట్ రాశావా?

కాలర్: లేదండి.

నిపుణురాలు: రాయకపోతే సీషార్ప్ ఆన్సీ అనే పాత అక్షరాల పద్ధతి అనుకుంటుంది. విండోస్‌లో తెలుగుకి ఆన్సీ కోడ్‌పేజీ, అంటే అక్షరాల పట్టిక, లేదు. మామూలు సెట్టింగుల్లో మన అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఫైలు పేరులో ఆ గుర్తు ఒప్పుకోదు కాబట్టి 123, అంటే పేరు చెల్లదని. క్యార్‌సెట్ యూనికోడ్ అని పెట్టు. పేర్లని ఇంగ్లీషులోకి మార్చక్కర్లేదు. రైతు పేరు రైతు రాసుకున్నట్టే ఉండాలి.

వ్యాఖ్యాత: మంచి మాట. కాకినాడ నుంచి ఒక చెల్లెమ్మ.

కాలర్: నమస్తే మేడం. ఇంజనీరింగ్ చదువుతున్నాను. పైథాన్‌లో బయటి ఫంక్షన్లని పిలిచే సీటైప్స్ లైబ్రరీతో విండోస్ ఫంక్షన్ పిలిస్తే హ్యాండిల్ ఒకోసారి పనిచేస్తోంది, ఒకోసారి చెల్లదంటోంది.

నిపుణురాలు: తిరిగొచ్చే విలువ టైపు, అదే రెస్‌టైప్, చెప్పలేదు కదమ్మా?

కాలర్: లేదండి.

నిపుణురాలు: చెప్పకపోతే సీటైప్స్ తిరిగొచ్చేది 4 బైట్ల ఇంట్ అనుకుంటుంది. 64 బిట్ హ్యాండిల్‌లో పై సగం తెగిపోతుంది. విలువ చిన్నదైతే ఆ సగంలో సున్నాలే కాబట్టి పనిచేసినట్టు కనిపిస్తుంది. రెస్‌టైప్‌కి హ్యాండిల్ అని రాసెయ్యి, ఫంక్షన్‌కి పంపేవాటి టైపులు, అదే ఆర్గ్‌టైప్స్, కూడా రాయి.

కాలర్: లినక్స్‌లోనూ ఇవే టైపులు పెట్టనా?

నిపుణురాలు: వద్దమ్మా. సీ భాషలోని లాంగ్ టైపు విండోస్‌లో 64 బిట్‌కి వెళ్లినా 4 బైట్లే, 64 బిట్ లినక్స్‌లో 8. అక్కడి ఫంక్షన్ల టైపులు రాసి ఉండే హెడర్ ఫైలు తెరిచి చూసి, దాని ప్రకారం విడిగా రాసుకో.