ఫోన్-ఇన్: ఉమ్మి తమ్ముడిది, అభ్యంతరం అక్కది

యాంకర్: నమస్కారం. ఈ రోజు విషయం, ఇంట్లోనే ట్యూబులో ఉమ్మేసి పోస్టులో పంపే డీఎన్‌ఏ పరీక్షలు. చట్టం ఏమంటుంది, మన మనసు ఏమంటుంది, సైన్స్ ఎంతవరకు చెప్పగలదు అన్నవి మాట్లాడుకుందాం. స్టూడియోలో జెనెటిక్ కౌన్సెలర్ మేడమ్ ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. నేనో డీఎన్‌ఏ కిట్ తెప్పించుకున్నాను. మా పూర్వీకులు ఎక్కడివాళ్లు, దూరపు చుట్టాలు ఎవరైనా ఉన్నారా అని చూద్దామని. పోస్టు చేయడమే మిగిలింది. మా అక్క అడ్డం పడుతోంది. నా ఉమ్మి, నా డబ్బు, నా ఇష్టం అన్నా వినదు.

యాంకర్: మీ పక్కన ఎవరో మాట్లాడుతున్నట్టున్నారు?

కాలర్: అక్కేనండీ. స్పీకర్ ఆన్ చేశాను.

అక్క: నమస్కారం మేడమ్. వాడి డీఎన్‌ఏలో వాడొక్కడే ఉంటే నాకేం బాధ? సగం నేనూ ఉన్నాను కదా.

కౌన్సెలర్: (నవ్వుతూ) లెక్క బాగానే చెప్పారమ్మా. తోబుట్టువులకు సగటున సగం కలుస్తుంది. బాబాయి పిల్లలు, మేనత్త పిల్లలతో ఎనిమిదో వంతు. ఈ కంపెనీలు డీఎన్‌ఏలోని 300 కోట్ల అక్షరాలూ చదవవు, ఆరేడు లక్షల చోట్ల మాత్రమే చూస్తాయి. చుట్టరికం పట్టుకోవడానికి అదే బోలెడు.

కాలర్: కానీ అక్క పేరు నేనెక్కడా ఇవ్వడం లేదు కదా మేడమ్.

కౌన్సెలర్: ఇవ్వక్కర్లేదు బాబూ. 2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో జోసెఫ్ జేమ్స్ డీయాంజెలో అనే మాజీ పోలీసును అరెస్టు చేశారు. 1970లు, 80లలో వరుసగా హత్యలు, అత్యాచారాలు చేసిన గోల్డెన్ స్టేట్ కిల్లర్ అతనే. అతనేమీ ఏ సైటుకూ డీఎన్‌ఏ ఇవ్వలేదు. నేరం జరిగినచోట దొరికిన నమూనాను పోలీసులు వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే, ఎవరో దూరపు బంధువులు కలిశారు. వాళ్ల నుంచి వెనక్కి ముత్తాతల తాతల దాకా వెళ్లి, మళ్లీ కిందికి కొమ్మకొమ్మా గీసుకుంటూ, వయసు, ఉన్న చోటు చూసి ఏరేసుకుంటూ అతని దగ్గరికి వచ్చారు. ఆఖర్న అతని కారు తలుపు పిడి మీద, అతను చెత్తలో పడేసిన టిష్యూ మీద దొరికిన డీఎన్‌ఏతో సరిపోల్చుకుని పట్టుకున్నారు.

అక్క: విన్నావా?

కాలర్: వాడు హంతకుడు అక్కా! మనమేం చేశాం?

కౌన్సెలర్: హంతకుడికే పనిచేస్తుందనుకోకండి. అదే ఏడాది ‘సైన్స్’ అనే పత్రికలో జన్యు శాస్త్రవేత్త యానివ్ ఎర్లిక్ బృందం ఒక లెక్క ఇచ్చింది. 12.8 లక్షల మంది వివరాలున్న డేటాబేస్‌లో వెతికితే, యూరప్ మూలాలున్న అమెరికన్లలో నూటికి 60 మందికి ఎవరో ఒక చుట్టం తగులుతారట. మరీ దూరం కాదు, ఇద్దరి ముత్తాతల తల్లిదండ్రులు ఒకరే అయినంత, లేదా అంతకంటే దగ్గర. వెతుకుతున్న మనిషి తను ఇచ్చి ఉండక్కర్లేదు.

కాలర్: అంటే నేను పంపకూడదా?

కౌన్సెలర్: ఆ మాట నేననలేదు. ఐస్లాండ్‌లో ఒక కేసు ఉంది. దేశంలో అందరి ఆరోగ్య రికార్డులూ ఒకేచోట పెట్టాలని 1998లో చట్టం చేశారు. చనిపోయిన మా నాన్న వివరాలు అందులో పెట్టొద్దని ఓ అమ్మాయి కోర్టుకెళ్లింది. 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఏమందంటే, తండ్రి తరఫున అడిగే హక్కు ఆమెకు లేదు, కానీ తన తరఫున ఉంది. ఎందుకంటే తండ్రి వివరాలు చూసి కూతురి సంగతి కూడా ఊహించవచ్చు.

అక్క: అదీ! నేను మొత్తుకునేది అదే.

కౌన్సెలర్: ఆగండమ్మా, మీవైపు కూడా పూర్తిగా లేను. అక్కడ ప్రభుత్వం అడక్కుండా తీసుకోవాలనుకుంది. ఇక్కడ మీ తమ్ముడు తనది తను ఇచ్చుకుంటున్నాడు. దానికి తోబుట్టువుల సంతకం కావాలని చట్టాలు సాధారణంగా అడగవు. అడగకూడదనే నేనూ అంటాను. చుట్టాలందరి అనుమతీ కావాలంటే ఇక ఎవరూ ఏ పరీక్షా చేయించుకోలేరు. ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. అక్కడ సరదాకి ఈ పరీక్ష చేయించుకోవడమే నేరం, 3,750 యూరోల దాకా జరిమానా. నాకది మరీ అతిగా అనిపిస్తుంది. అది సరే, మీ అసలు భయం ఏంటమ్మా? పోలీసులా?

అక్క: (కాసేపు ఆగి) పోలీసులు కాదండీ. మా అమ్మమ్మకి అల్జీమర్స్. నాకు వస్తుందో రాదో ముందే తెలుసుకోవాలని లేదు. వీడు తెలుసుకుంటే, నోరు విప్పకపోయినా వీడి మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది.

కాలర్: ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే!

కౌన్సెలర్: ఇది చిన్న విషయం కాదు బాబూ. డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుక్కున్నవాళ్లలో ఒకరైన జేమ్స్ వాట్సన్ తన జన్యుక్రమం మొత్తం బయటపెట్టాడు, ఒక్క ఏపీఓఈ జన్యువు తప్ప. అందులో ఒక రకం అల్జీమర్స్ ముప్పును పెంచుతుంది. అతని అమ్మమ్మో నాయనమ్మో ఆ జబ్బుతోనే పోయింది. నాకు తెలియొద్దు అన్నాడు. అంత పెద్ద శాస్త్రవేత్తే అన్నాడు. ఆ తర్వాత, పక్కనున్న అక్షరాలను బట్టి ఆ దాచిన ముక్కను కూడా ఊహించవచ్చని వేరే పరిశోధకులు చూపించారు. అందుకే మీ అక్కది అర్థం లేని భయమని కొట్టిపారేయలేం. అయితే అమ్మా, ఆ రకం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు, లేనంత మాత్రాన రాదనీ కాదు. మీ తమ్ముడిలో ఉంటే మీలో ఉండాలనీ లేదు.

కాలర్: అయితే ఏం చేయమంటారు?

కౌన్సెలర్: ఆరోగ్యం రిపోర్టు అసలు తీసుకోకండి. మీరు చూడనిది మీ మొహంలో కనిపించదు. చుట్టాలను కలిపే ఆప్షన్ కూడా ఆపేయండి.

కాలర్: అది ఆపేస్తే చుట్టాలెలా దొరుకుతారు మేడమ్? నేను కొన్నదే అందుకు!

కౌన్సెలర్: దొరకరు. వాళ్లకు మీరు కనపడకుండా మీకు వాళ్లు కనపడాలంటే కుదరదు. పూర్వీకులు ఏ ప్రాంతంవాళ్లన్నది మాత్రం వస్తుంది.

అక్క: అంతవరకైతే పంపుకోరా.

యాంకర్: మిగతాది ఫోన్ పెట్టేశాక తేల్చుకోండి. తర్వాతి కాల్. హలో అమ్మా.

కాలర్: నమస్కారమండీ. నాకు ఈ మధ్యే ఆపరేషన్ అయింది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే మార్పు నా బీఆర్‌సీఏ1 అనే జన్యువులో ఉందని తేలింది. మా చెల్లికీ నాకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. దానికి చెప్పాలా? చెప్పకపోతే చట్టప్రకారం తప్పా?

కౌన్సెలర్: ఒంట్లో ఎలా ఉందమ్మా ఇప్పుడు?

కాలర్: పర్లేదండీ. నడుస్తున్నాను.

కౌన్సెలర్: మంచిదమ్మా. చట్టం మీ జోలికి సాధారణంగా రాదు. కోర్టుల్లో వాదన నడిచేది డాక్టర్ల బాధ్యత మీదే. లండన్ హైకోర్టు 2020లో ఒక కేసులో తీర్పు చెప్పింది. తండ్రికి హంటింగ్టన్స్ అనే, పిల్లలకూ రాగల మెదడు జబ్బు, కూతురు గర్భవతి. ఆమెకు చెప్పొద్దన్నాడు తండ్రి. డాక్టర్లు చెప్పలేదు. తండ్రి గోప్యతనూ కూతురి మేలునూ తూచి చూసే బాధ్యత డాక్టర్లకు ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ ఆ కేసులో వాళ్లు ఆ బాధ్యత తప్పలేదంటూ ఆమె దావా కొట్టేసింది. అంటే కోర్టులకే ఇది ఇంత ఇరకాటం. మీ విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. చెప్పండి. ఈ మార్పు అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉంటే మీ చెల్లికీ ఉండే అవకాశం సగానికి సగం. హంటింగ్టన్స్‌కు ముందే తెలిసినా ఆపే మందు లేదు. దీనికి చేయగలిగినవి ఉన్నాయి, తరచుగా స్కానింగ్, కావాలనుకుంటే ఆపరేషన్.

కాలర్: ఫోన్ చేస్తే ఎత్తదండీ.

కౌన్సెలర్: ఉత్తరం రాయండి. పాత గొడవల ఊసు ఒక్క ముక్క కూడా వద్దు. మీ రిపోర్టులో ఆ మార్పుకు అక్షరాలు, అంకెలతో ఒక పేరు ఉంటుంది. అది ఉన్న పేజీ కాపీ జత చేయండి. అప్పుడు ల్యాబువాళ్లు సరిగ్గా ఆ చోటే చూస్తారు. కిట్ తెప్పించుకోవద్దని కూడా రాయండి. 2018లో అమెరికాలో మందులు, వైద్య పరీక్షలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ఇంటి పరీక్ష అప్పట్లో చూసింది మూడు మార్పులనే. బీఆర్‌సీఏ1, అలాంటిదే అయిన బీఆర్‌సీఏ2 జన్యువుల్లో తెలిసినవి వెయ్యికి పైనే. కిట్‌లో ఏమీ లేదని వస్తే ధీమాగా కూర్చుంటుంది.

కాలర్: రాస్తానండీ. చదువుతుందో లేదో.

యాంకర్: తర్వాత పెద్దాయనెవరో చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

కాలర్: ఇందాకటి నుంచి వింటున్నానమ్మా. ఏ తప్పూ చేయనివాడికి భయమెందుకు? ఆ హంతకుడు దొరికాడా లేదా?

కౌన్సెలర్: దొరికాడండీ, సంతోషం. 2020లో నేరం ఒప్పుకున్నాడు, జీవిత ఖైదు పడింది. నా పేచీ అతనితో కాదు. ఆ సైటులో వివరాలు పెట్టినవాళ్లు చుట్టాల కోసం పెట్టారు, పోలీసుల కోసం కాదు. 2019లో ఆ సైటు నిబంధన మార్చింది. పోలీసుల వెతుకులాటకు ఒప్పుకుంటేనే చూడనిస్తామంది. మొదట్నుంచీ అలా అడిగి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. పైగా భయం పోలీసులతోనే కాదండీ. అమెరికాలో 2008 చట్టం జన్యువులు చూసి ఉద్యోగం, ఆరోగ్య బీమా నిరాకరించకూడదంటుంది. జీవిత బీమాకు అది వర్తించదు. అక్కడ మీరు చేసిన తప్పేముంది, పుట్టడమేగా?

కాలర్: ఏమో తల్లీ. మా ఇంట్లో అలాంటి ఘోరం జరిగితే వాడు దొరకడమే ముఖ్యం అంటాను నేను.

కౌన్సెలర్: అప్పుడు నేనూ అదే అంటానేమో సార్. అందుకే ఆ నిబంధన ముందే రాసి పెట్టుకోవాలంటున్నాను.

యాంకర్: ఆఖరి కాల్. త్వరగా చెప్పాలమ్మా.

కాలర్: నేను ఎప్పుడో పంపేశాను మేడమ్. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. వెనక్కి తీసుకోవచ్చా?

కౌన్సెలర్: చాలావరకు. అకౌంట్ తీసేస్తే సరిపోతుందనుకోకండి. డేటా తొలగించమని, దాచిన ఉమ్మిని నాశనం చేయమని, పరిశోధనకు ఇచ్చిన అనుమతి రద్దు చేయమని, మూడూ విడిగా ఉన్నాయేమో చూసి మూడూ అడగండి. ఇప్పటికే పూర్తయిన పరిశోధనల్లోంచి మాత్రం వెనక్కి రాదు. ఆలస్యం చేయకండి, కంపెనీలు చేతులు మారతాయి. ఇలాంటి కిట్లు అమ్మే 23అండ్‌మీ అనే అమెరికా కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. అంతకుముందు 2023లో హ్యాకర్లు అందులోకి దూరింది సుమారు 14,000 అకౌంట్లలోకే. వేరేచోట దొంగిలించిన పాస్‌వర్డులు ఇక్కడా అవే ఉండటం వల్ల. చుట్టాల ఆప్షన్ గుండా 69 లక్షల మంది వివరాలు పోయాయి.

కాలర్: అమ్మో. నేనూ అన్నిటికీ ఒకటే పాస్‌వర్డు పెడతాను.

కౌన్సెలర్: ఈమెయిల్‌కు కూడానా?

కాలర్: ...బ్యాంకుకు కూడా.

కౌన్సెలర్: అయితే డీఎన్‌ఏ సంగతి రేపు చూసుకుందురుగాని. ముందు ఫోన్ పెట్టేసి ఆ రెండూ మార్చుకోండి.