హనుమకొండల మళ్లీ ‘మల్‌హాలండ్ డ్రైవ్’: ఆ ముసలి జంట నవ్వు

అందరికీ నమస్తే. ఇయ్యాల వీడియో హనుమకొండ నుంచి. మీరు చూస్తున్నది కిషన్‌పురల మా దోస్తు స్వప్న వాళ్ల ఇల్లు. ఆ తెల్లగుడ్డ మీద వరుసగా కనిపిస్తున్నయి గదా, సకినాలు. సంక్రాంతి అయిపోయినా నేను అమెరికా తీసుకపోవాలని వాళ్లమ్మ మళ్లీ పోస్తున్నది. నానబెట్టిన బియ్యప్పిండి, నువ్వులు, వాము. వేళ్ల సందుల పిండి తిరుగుడు చూడండి, సుట్టు ఎక్కడా తెగది.

నేనుండేది లాస్ ఏంజెలిస్ పక్కన, శాన్ ఫెర్నాండో వ్యాలీల. 2025 జనవరి 7న అక్కడ మంటలు మొదలైనప్పటి సంది ఇక్కడ పండుగ పనుల ఉన్నా, చెయ్యి ఫోన్ మీదనే. 17 పొద్దున ఫోన్ తెరిస్తే ఇంకో వార్త: అమెరికా సినిమా దర్శకుడు డేవిడ్ లించ్ పోయిండు, 78 ఏండ్లు. చదివేలోపే ఇంకో దోస్తు రజిత ఫోన్ చేసింది. "మన సీడీ సినిమా ఆయనదే గదనే?"

మన సీడీ అంటే లించ్ తీసిన ‘మల్‌హాలండ్ డ్రైవ్’, 2003ల సుబేదారి దిక్కు ఒక షాపుల అద్దెకు తెచ్చింది. రోజుకు పది రూపాయలు. అట్ట మీద బొమ్మ చూసి దయ్యం సినిమా అనుకున్నం. ముగ్గురం ఇదే ఇంట్ల, ఇదే గదిల కూర్చున్నం. చివరికి వచ్చేసరికి హీరోయిన్ పేరు మారిపోయింది, ఇల్లు మారిపోయింది, చచ్చిపోయిందనుకున్న మనిషి లేచి తిరుగుతున్నది. రెండో సీడీల వేరే సినిమా కలిపిండని షాపాయనతోని లొల్లి పెట్టుకుని పైసలు వాపస్ తెచ్చుకున్నం.

చూడనోళ్లుంటే వీడియో ఇక్కడ ఆపుకోండి, కథ మొత్తం చెప్తున్న.

రాత్రి పూట లాస్ ఏంజెలిస్‌ల మల్‌హాలండ్ డ్రైవ్ అనే గుట్ట మీది రోడ్డుల కారు ప్రమాదం. ఒకామె బతికి బయటపడ్డది గని తనెవరో తనకు యాది లేదు. పోయి ఒక ఇంట్ల దాక్కుంటది. అక్కడ గోడ మీద ‘గిల్డా’ అనే పాత సినిమా పోస్టర్ల నటి రీటా హేవర్త్ పేరు చూసి రీటా అని పేరు పెట్టుకుంటది. ఆ ఇంటికే కెనడాల డీప్ రివర్ అనే ఊరు నుంచి బెట్టీ వస్తది, సినిమాల చేరాలని. ఇద్దరు కలిసి రీటా ఎవరో వెతుకుతరు. నీలం డబ్బా ఒకటి తెరుచుకున్నంక అంత తలకిందులు. బెట్టీ నిజానికి డయాన్, వేషాలు లేక మిగిలిపోయిన మనిషి. రీటా నిజానికి కమిల్లా, పెద్ద నటి, డయాన్‌ను విడిచిపెట్టింది. డయాన్ పైసలిచ్చి ఆమెను చంపిస్తది. మనం ముందు చూసిందంత ఆ డయాన్ కన్న కలే అని చాలామంది అంటరు, నేనూ అదే అంట.

మేం చేసిన లొల్లిల కొంత నిజం కూడా ఉన్నదని నాకు అమెరికా పోయినంక తెలిసింది. ఇది మొదలు 1999ల ఏబీసీ టీవీ కోసం తీసిన సీరియల్ తొలి భాగం. వాళ్లు వద్దన్నరు. తర్వాత ఫ్రెంచోళ్ల పైసలతోని కొత్త సీన్లు తీసి సినిమా చేసిండు. అతుకు నిజంగనే ఉన్నది. 2001 కాన్స్ సినిమా పండుగల లించ్‌కు ఉత్తమ దర్శకుడి అవార్డు వచ్చింది, ఇంకో దర్శకుడు జోయెల్ కోయెన్‌తోని కలిపి. 2016ల బీబీసీ అడిగితే విమర్శకులు ఈ శతాబ్దం సినిమాలల్ల మొదటి స్థానం దీనికే ఇచ్చిండ్రు.

ఇన్నేండ్లు నేను దీన్ని తాళం లెక్కనే చూసిన. నీలం తాళంచెవికి అర్థమేంది, కౌబాయ్ ఎవరు, ఇవే. డీవీడీతోని లించ్ ఇచ్చిన 10 సూచనలు రాసుకుని మరీ చూసిన. 18 రాత్రి మళ్లీ పెట్టుకున్నప్పుడు కూడా అవే విప్పి చెప్పబోతుంటే రజిత ఆపింది. సర్కారు బడిల లెక్కల టీచర్ ఆమె. "జెర ఆగవే, ఆమె మొఖం చూడనియ్యి" అన్నది.

బెట్టీ ఆడిషన్ సీన్ అది. ఇంట్ల రీటాతోని అవే డైలాగులు ఒర్రుకుంట చెప్పింది, ఉత్త నాటకం. ఆడిషన్‌ల అవే మాటలు ఆ పెద్దాయన చెవి దగ్గర మెల్లగ, ఊపిరంత సప్పుడుతోని చెప్తది. గదిల అందరు గప్‌చుప్. "ఇంత వచ్చినామెకు వేషం దొరకలేదంటే కడుపు ఎట్ల కాలి ఉంటదే" అన్నది రజిత. నేను రాసుకున్న పదిట్ల నుంచి ఈ మాట నాకెన్నడు రాలేదు.

స్వప్న మాత్రం చివరిదాంక ఏం అనలే. ముసలి జంట గురించి మాట రాంగనే నోరు తెరిచింది.

ఆ జంట మొదట్లనే ఉంటరు, డాన్సు వెలుగుల ఆమె పక్కన నవ్వుకుంట. ఎయిర్‌పోర్టుల బెట్టీని దీవించి సాగనంపుతరు. ఆఖర్ల తలుపు కింది సందుల నుంచి చీమలంత అయ్యి దూరి, మళ్ల మనుషులంత అయ్యి, అదే నవ్వుతోని డయాన్ మీదికొస్తరు. ఆమె తట్టుకోలేక కాల్చుకుంటది. వాళ్లెవరని లోకమంత వాదించుకుంటది.

"నాకు తెలుసు వాళ్లెవరో," అన్నది స్వప్న. "2006ల నన్ను సాగనంపనీకి బేగంపేట ఎయిర్‌పోర్టుకు రెండు సుమోలల్ల వచ్చిండ్రు. పెద్దబాపు, చిన్నమ్మలు, వాడకట్టోళ్లు. అందరు నవ్వుకుంట చెయ్యి ఊపిండ్రు. 2009ల ఉద్యోగం పోయి వాపసొచ్చిన. ఒక్కలు ఒక్క మాట అనలే. గదే నవ్వు నవ్విండ్రు. ఆ నవ్వుకు భయపడి ఆర్నెల్లు గడప దాటలే."

ఆ ఏడాది నేను ఫోన్ చేసినప్పుడల్ల "ఇక్కడనే మంచిగున్నదే" అనేది. నేను నమ్మిన. నా వీడియోలు చూసి "నీ ఇల్లు మస్తున్నదే" అని కూడ పెట్టేది.

ఈ ముక్క వీడియోల ఉంచాల్నా అని అడిగిన. కొద్దిసేపు చూసి, "ఉండనియ్యి. ఎవరన్న వాపసొచ్చినోళ్లు వింటరు" అన్నది. తర్వాత ఆ మల్‌హాలండ్ డ్రైవ్ రోడ్డు చూపియ్యమన్నది. నా ఫోన్‌ల పాత వీడియో ఉంటే పెట్టిన. గుట్ట శిఖరం మీద మెలికలు తిరిగే రోడ్డు, ఒక దిక్కు హాలీవుడ్ దీపాలు, ఇంకో దిక్కు మా వ్యాలీ దీపాలు. "గింతేనా?" అన్నది రజిత. స్వప్న మళ్లొకసారి పెట్టమన్నది.

అప్పటికి వాళ్లమ్మ సకినాలు కాల్చుడు అయిపోయింది. రెండు డబ్బాలు తెచ్చి నా ముంగట పెట్టి, మూతలు బిగించి, స్వప్నకు చెప్పింది: "బిడ్డా, తూకం చూడు, వాళ్లు విమానంల బరువు లెక్క చూస్తరు." స్వప్న రెండు డబ్బాలు రెండు చేతులల్ల లేపి చూసింది. "మూడు కిలోలుంటయి," అన్నది. "ఇంకో డబ్బా పడతది."