షుగర్ ఉన్నవాళ్లు చిగుళ్లు కూడా చూపించుకోవాలి

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి షుగర్ ఉంది, లేదంటే ఇంట్లో ఎవరికో ఒకరికి ఉంది. ఏడాదికోసారి కళ్లు చూపించుకోండి, కిడ్నీ పరీక్ష చేయించుకోండి, పాదాలు రోజూ చూసుకోండి అని మీ డాక్టరు చెప్పే ఉంటారు. చిగుళ్ల మాట మాత్రం చెప్పి ఉండరు. చిగుళ్ల వ్యాధిని మధుమేహం తెచ్చిపెట్టే ఆరో సమస్యగా లెక్కపెట్టాలని నార్వే దంతవైద్య శాస్త్రవేత్త హరాల్డ్ లో 1993లోనే రాశారు. ఇన్నేళ్లయినా ఆ మాట మన షుగర్ క్లినిక్కుల దాకా సరిగ్గా చేరలేదు.

పొద్దున బ్రష్ చేసుకుని ఉమ్మితే నురగలో ఎర్రటి చార కనిపిస్తుంది. "బ్రష్ గట్టిగా తగిలినట్టుందిలే" అనుకుని మర్నాటి నుంచి ఆ పక్క తోమడం తగ్గిస్తాం. అసలు అక్కడ నెత్తురు వచ్చిందే పాచి పేరుకున్నందుకు. తోమడం తగ్గితే పాచి పెరుగుతుంది, చిగురు ఇంకా వాస్తుంది, నెత్తురు ఇంకా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురు మెత్తటి బ్రష్ తగిలితే నెత్తురు కార్చదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా ఇవాళ మీరు వచ్చిన పని సగం అయినట్టే.

1965లో ఇదే హరాల్డ్ లో డెన్మార్క్‌లో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోమడం మానేయమన్నారు. 10 నుంచి 21 రోజుల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో ఆ వాపు తగ్గిపోయింది. అంటే తొలిదశలో వ్యాధి పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. ఆ దశ దాటితే మళ్లదు.

దాటడమంటే ఏమిటో చెబుతాను. పంటికీ చిగురుకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. దాని లోతు మామూలుగా 1 నుంచి 3 మిల్లీమీటర్లు. అందులో చేరిన పాచిని తీయకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు దానిలోకి చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గారగా మారుతుంది. కింది ముందుపళ్ల లోపలి వైపు, పై దవడపళ్ల బుగ్గ వైపు గార ముందుగా కడుతుంది. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది అక్కడే మరి. గార గరుకుగా ఉంటుంది కాబట్టి దానిమీద కొత్త పాచి ఇంకా తేలిగ్గా అతుక్కుంటుంది. అది చిగురు కిందికి దిగే కొద్దీ సందు లోతై 4, 5, 7 మిల్లీమీటర్ల పాకెట్ అవుతుంది. పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక దానంతట అది తిరిగి రాదు. ఇదంతా జరుగుతున్నా నొప్పి ఉండదు. పన్ను కదిలితేనో, పళ్ల మధ్య ఖాళీలు వస్తేనో, నోటి వాసన పక్కవాళ్లకు తెలిస్తేనో గానీ మనం డాక్టరు దగ్గరికి వెళ్లం.

అందుకే పళ్ల డాక్టరు దగ్గర "పళ్లు బాగున్నాయా" అని అడిగి ఊరుకోకండి. "పాకెట్లు కొలిచి చెప్పండి" అనండి. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరంతో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల కొలుస్తారు. ఆ అంకెలు రాయించుకుని మీ షుగర్ రిపోర్టులతో పాటు దాచుకోండి.

ఈ పాకెట్ లోపలి గోడ పుండులా ఉంటుంది. వ్యాధి నోరంతా పాకినవాళ్లలో ఈ పుండంతా కలిపి కొలిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చని అంచనా. షుగర్ ఉన్న మనిషి కాలిమీద అంత పుండు కనబడితే ఆ సాయంత్రానికే ఆసుపత్రిలో ఉంటాం. నోట్లోది కనబడదు కాబట్టి ఏళ్ల తరబడి మోస్తాం. ఆ పుండు నుంచి సూక్ష్మజీవులు, వాటితో పోరాడేందుకు శరీరం తయారుచేసే రసాయనాలు రోజూ రక్తంలోకి చేరుతుంటాయి. ఆ రసాయనాలు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి, దాంతో షుగర్ పెరుగుతుంది. పెరిగిన షుగర్ తెల్లరక్తకణాల చురుకుదనాన్ని తగ్గిస్తుంది, చిగురు మానడానికి కావలసిన ప్రోటీన్ అయిన కొల్లాజెన్‌ను దెబ్బతీస్తుంది. అప్పుడు చిగుళ్ల వ్యాధి ముదురుతుంది. ఇలా ఒకటి రెండోదాన్ని ఎగదోస్తూ ఉంటుంది.

ఇందులో మంచి కబురు కూడా ఉంది. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బిఎ1సి తగ్గుతుంది. అనేక పరిశోధనల ఫలితాలను కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్షలో మూడు నాలుగు నెలలకు సగటున 0.43, ఆరు నెలలకు 0.30 పాయింట్లు తగ్గినట్టు తేలింది. అంటే 8.4 ఉన్నవాళ్లకు 8 దగ్గరికి రావడం. చిన్న అంకెలా అనిపించొచ్చు గానీ, కొత్త మాత్ర ఏదీ చేర్చకుండా వచ్చే ఫలితం కాబట్టి దీన్ని వదులుకోకూడదు. అలాగని పళ్లు క్లీనింగ్ చేయించుకుని షుగర్ మాత్రలు ఆపేయడానికి వీల్లేదు.

గుండె సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. చిగుళ్ల వ్యాధి ఉన్నవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తున్న మాట నిజం. చిగుళ్ల వ్యాధే గుండెపోటు తెస్తుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు. పొగ, షుగర్ లాంటివి రెండింటికీ కారణాలే కదా. ఇక్కడ అతిశయోక్తి అక్కర్లేదు. కృత్రిమ వాల్వు పెట్టించుకున్నవాళ్లకు, అంతకుముందు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు మాత్రం ముప్పు నేరుగానే ఉంటుంది. చిగుళ్ల నుంచి రక్తంలోకి వెళ్లిన బ్యాక్టీరియా వాల్వు మీద చేరొచ్చు. పన్ను తీయించుకోవాలన్నా, గార తీసే స్కేలింగ్ చేయించుకోవాలన్నా వాళ్లు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అరగంట, గంట ముందు యాంటీబయాటిక్ ఇస్తారు.

గర్భిణుల విషయంలోనూ అంతే. హార్మోన్ల వల్ల చిగుళ్లు తేలిగ్గా వాస్తాయి. నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు స్కేలింగ్‌కు అనువైన కాలం. దానివల్ల నెలలు నిండకుండా కాన్పు కావడం తగ్గుతుందని పెద్ద పరిశోధనల్లో తేలలేదు గానీ, తల్లి చిగుళ్లు బాగుపడటం ఖాయం, బిడ్డకు హాని లేదు.

ఇప్పుడు స్కేలింగ్ గురించి. "చేయిస్తే పళ్లు కదులుతాయి, సందులు వస్తాయి" అన్న భయం ఊరూరా ఉంది. సందు అంతకుముందే ఉంది, దాన్ని గార పూడ్చి ఉంచింది. గార తీయగానే బయటపడుతుంది. వాచిన చిగురు తగ్గి కాస్త కిందికి జారుతుంది కాబట్టి ఖాళీ ఇంకొంచెం కనిపిస్తుంది. కొద్ది రోజులు చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది, తర్వాత సర్దుకుంటుంది. యంత్రం కొన అతివేగంగా కంపించి గారను రాలగొడుతుందే గానీ పంటిని అరగదీయదు. పాకెట్ లోతుగా ఉంటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిగురు కింద వేరును కూడా శుభ్రం చేస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ కొలిపించుకోవాలి. ఈ రెండో కొలత కోసం చాలామంది వెళ్లరు, చికిత్స నీరుగారిపోయేది అక్కడే. అప్పటికీ పాకెట్లు మిగిలితే చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చు. వ్యాధి ఒకసారి వచ్చినవాళ్లు ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి.

బీపీకి అమ్లోడిపిన్ వాడేవాళ్లు ఒకటి గమనించండి. కొందరికి దానివల్ల చిగుళ్లు లావెక్కి పంటి మీదికి పాకుతాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌తో కూడా ఇలా జరుగుతుంది. అలా అయితే మందు మీరే ఆపేయకండి, రాసిన డాక్టరుకు చూపించండి, మార్చగలిగితే మారుస్తారు.

ఇక ఇంట్లో చేయాల్సిన పని. మెత్తటి బ్రష్ తీసుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు గట్టి బ్రష్ అసలే వద్దు. ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత చాలు. బ్రష్ కుచ్చును చిగురూ పన్నూ కలిసే గీత మీద 45 డిగ్రీల వాలుగా ఆనించండి. కుచ్చు సగం చిగురు మీద, సగం పంటి మీద ఉండాలి. అక్కడే ఉంచి పది పదిహేను సార్లు చిన్నగా కదిపి, తర్వాత పంటి కొసవైపు దులపండి. రెండు మూడు పళ్లు అయ్యాక పక్కకు జరగండి. కింది ముందుపళ్ల లోపలి వైపు బ్రష్‌ను నిలువుగా పట్టుకోవాలి. మొత్తం రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఒక్కసారే కుదిరితే రాత్రి పడుకునే ముందు తోమండి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి ఆ వేళ నోట్లో పాచి ఉంచకూడదు.

బ్రష్ పళ్ల మధ్యకు చేరదు, వ్యాధి ఎక్కువగా మొదలయ్యేదేమో అక్కడే. సందులున్నవాళ్లు సందులో బలవంతం లేకుండా దూరే సైజు ఇంటర్‌డెంటల్ బ్రష్‌తో, సందుల్లేనివాళ్లు సన్నటి దారంలాంటి ఫ్లాస్‌తో రోజుకోసారి శుభ్రం చేసుకోవాలి. మొదటి వారం నెత్తురొస్తుంది, ఆపకండి. రెండు వారాలైనా తగ్గకపోతే లోపల గారో పాకెటో ఉన్నట్టు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టరు రాస్తే 0.2 శాతంది 10 మిల్లీలీటర్లు తీసుకుని నిమిషంపాటు పుక్కిలించండి. పేస్టుతో తోమిన అరగంట తర్వాతే వాడాలి, లేకపోతే పేస్టులోని నురగ పదార్థం దాని పనిని చెడగొడుతుంది. రెండు వారాలు దాటి వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి.

బొగ్గు, ఇటుకపొడి, గరుకు పళ్లపొడి పంటిని అరగదీస్తాయి. వేపపుల్ల నమిలి కుంచెలా చేసుకుని వాడితే తప్పులేదు గానీ, వెనక దవడపళ్ల లోపలి వైపు అందదు. పొగతాగేవాళ్లకు ఇంకో చిక్కు: నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తుంది, అందువల్ల చిగురు పాడైపోతున్నా నెత్తురు కనిపించదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని తాగే అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు కూడా దారి తీస్తుంది. ఇంట్లో అలా తాగే పెద్దవాళ్లుంటే ఏడాదికి ఒకసారైనా వాళ్ల అంగిలి చూపించండి.

పళ్ల డాక్టరు దగ్గరికి పొద్దున పూట, టిఫిన్ చేసి, షుగర్ మందు వేసుకుని వెళ్లండి. ఆపరేషన్ అనుకుని పస్తుండి వెళ్తే కుర్చీలోనే షుగర్ పడిపోతుంది. తాజా హెచ్‌బిఎ1సి రిపోర్టు, మందుల చీటీ తీసుకెళ్లండి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి మీ అంతట మీరు ఆపకండి.

మంచం పట్టిన పెద్దవాళ్లకు ఈ పని మనమే చేయాలి. తోమకుండా వదిలేసిన నోటి నుంచి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. జపాన్ వృద్ధాశ్రమాల్లో రెండేళ్లపాటు చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, భోజనం తర్వాత సిబ్బంది నోరు శుభ్రం చేసిన వృద్ధులకు న్యుమోనియా తగ్గింది. తల కింద దిండు ఎత్తుగా పెట్టి ముఖం ఒక పక్కకు తిప్పండి. మెత్తటి బ్రష్‌ను తడిపి పిండేసి, పేస్టు కొద్దిగా రాసి తోమండి. మింగడం కష్టమైనవాళ్లకు నీళ్లు పోయకండి, తడిగుడ్డ వేలికి చుట్టి తుడవండి. నాలుక కూడా తుడవండి. కట్టుడుపళ్లు రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి, గిన్నెలో నీళ్లు పోసి అందులో ఉంచండి.