ప్రూఫు ముగిశాకే సభ తేదీ

(బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కొత్త రచయితల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, వెనక వరుసలో కూర్చున్న నా ప్రెస్సు మిత్రులకు, ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారు నన్ను సాహితీవేత్త అని పరిచయం చేశారు. వారి అభిమానానికి కృతజ్ఞతలు. కానీ నేను ప్రూఫ్ రీడర్‌ని, అచ్చుకు ముందు పేజీల్లో తప్పులు దిద్దేదాన్ని. చిక్కడపల్లిలో, విద్యానగర్‌లో ప్రెస్సుల చుట్టూ తిరుగుతూ, ఇతరుల పుస్తకాలు అక్షరం అక్షరం చదువుతూ బతికినదాన్ని. ఇవాళ మాట్లాడేది కూడా ఆ పని గురించే.

పుస్తకం వేసేటప్పుడు కొత్త రచయితలు చేసే పొరపాట్ల గురించి చెప్పమన్నారు. నిర్వాహకులు ఒక కాగితం కూడా పంపారు. కవర్, ధర, ప్రచారం, ఆన్‌లైన్ అమ్మకం అన్నీ అందులో ఉన్నాయి. టైమును బట్టి కొన్ని చెబుతాను. అందులో లేని పొరపాటు ఒకటుంది. నేను చూసినంతలో ఎక్కువ పుస్తకాలు పాడైంది దానివల్లే. రాతప్రతి ఇంకా డీటీపీలో, అంటే కంప్యూటర్లో పేజీలుగా కూర్చే దశలో, ఉండగానే ఆవిష్కరణ సభ తేదీ పెట్టేసుకోవడం.

ఎలా జరుగుతుందో చెప్తాను. పుట్టినరోజో, పెళ్లిరోజో, రిటైరయ్యే రోజో ఒకటి మనసులో ఉంటుంది. దానికి సరిపడా హాలు దొరుకుతుంది. ముఖ్య అతిథి ఒప్పుకుంటారు. కార్డులు వేస్తారు, వాట్సాప్‌లో పంపుతారు. ఇక ఆ తేదీ కదలదు. కదిలేది పుస్తకమే. డీటీపీ ఆలస్యమవుతుంది, కవర్ బొమ్మ ఆలస్యమవుతుంది, ముందుమాట రాస్తానన్న పెద్దాయన ఊరెళతారు. ఈ ఆలస్యాలన్నీ కలిసి ప్రూఫు మీద పడతాయి. రెండు వారాల పని రెండు రాత్రుల్లో చెయ్యమంటారు. లేదా అసలు చెయ్యనక్కర్లేదంటారు, "నేనే ఒకసారి చూసుకున్నాను మేడమ్" అని.

మీరు చూసుకుంటే చాలదు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. రాసినవాళ్ల కన్ను కాగితం మీద ఉన్నది చదవదు, రాయాలనుకున్నది చదువుతుంది. ఎంత పండితులైనా అంతే. అందుకే మొదటి ప్రూఫు ఒకరు, రెండోది మరొకరు చూడాలి. రెండో ప్రూఫులో కొత్త తప్పులు వెతకడం కంటే ముఖ్యమైన పని ఉంది. మొదటి ప్రూఫులో పెట్టిన దిద్దుబాట్లు నిజంగా పడ్డాయా లేదా అని ఒక్కొక్కటీ పోల్చి చూడాలి. ఒక మాట దిద్దితే పంక్తి జరుగుతుంది, పంక్తి జరిగితే పేజీ జరుగుతుంది, కథ చివరి పంక్తి ఒంటరిగా అవతలి పేజీకి పోతుంది. మూడోది చూసేది అందుకే.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడున్న కుర్రవాళ్లు ముఖ్యంగా వినండి. మీరు ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో టైప్ చేసేది యూనికోడ్, అంటే అన్నిటిలోనూ ఒకేలా ఉండే అక్షరాల కోడు. చాలా డీటీపీ సెంటర్లలో ఇవాళ్టికీ నడుస్తున్నది పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అందులో వాడే 'అను' అనే తెలుగు ఫాంట్లు. అవి యూనికోడ్ కావు. మీ ఫైలును మార్చి అందులో పోస్తారు. ఆ మార్పిడిలో అరుదైన ఒత్తులు విరిగిపోతాయి, కొటేషన్ గుర్తులు ఇంకేవో అయిపోతాయి. మధ్యలో ఇంగ్లీషు అక్షరం ఉంటే ఆ ఫాంటుకు అది ఇంగ్లీషని తెలియదు. ఆ అక్షరం కోడు దగ్గర తనకున్న తెలుగు ముక్కను తెచ్చి పెడుతుంది. మీ ఫైలులో తప్పు లేదు, అచ్చులో ఉంది. మీరు ఇంట్లో ఎన్నిసార్లు చదువుకున్నా అది దొరకదు.

ఇక్కడ నేనొకాయన గురించి చెప్పాలి. నన్ను పిలిస్తే ఇది చెబుతానని నిర్వాహకులకు తెలుసు.

ఆయన ఆర్టీసీలో కండక్టరు. ఉద్యోగమంతా సిటీ బస్సుల్లోనే. డ్యూటీ దిగాక డిపోలో కూర్చుని ట్రిప్ షీట్ల వెనక కథలు రాసేవారు. మంచి కథలు. చిల్లర కోసం తగువాడి దిగేటప్పుడు దండం పెట్టే ముసలమ్మ, కోఠిలో పుస్తకాలు కొనుక్కుని నిలబడే దారంతా చదివే పిల్ల, వాళ్లందరూ అందులో ఉన్నారు. ప్రతి కథలో రూట్ నంబరు ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ పోయే 8ఏ, కోఠి నుంచి కొండాపూర్ పోయే 127కె. ఆయనకు అవి పాత్రల పేర్లలాంటివి.

రిటైరయ్యాక వచ్చిన డబ్బులోంచి కొంత తీసి పుస్తకం వెయ్యాలనుకున్నారు. ఒక సంస్థ ప్యాకేజీ అంది. ఎడిటింగ్, ప్రూఫ్, కవర్, ప్రింటింగ్, ఆవిష్కరణ అన్నీ తామే చూసుకుంటామని, వెయ్యి కాపీలు వేసి అన్ని షాపుల్లో పెడతామని చెప్పారు. సంస్థ పేరు చెప్పను. సభ తేదీ ముందే పెట్టారు. డిపో వాళ్లందరికీ వీలయ్యే ఆదివారం. గురువారం సాయంత్రం ఆయన ఫోన్‌కి పీడీఎఫ్ వచ్చింది. "రాత్రికి ఓకే చెప్పండి, లేకపోతే ఆదివారానికి అందదు" అన్నారు. చిన్న ఫోను, అరవై దాటిన కళ్లు. ఓకే చెప్పారు.

సభలో కవర్ బాగుందని అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఆయన్ని ఒక కథ చదవమన్నారు. ఇంకా ఆయన తెరవనేలేదు, ముందు వరుసలో పాత డ్రైవరు పుస్తకం తిప్పుతూ పైకే అడిగాడు: "అన్నా, ఇదేం బస్సు? మనకు తెల్వని రూటా?" 127 పక్కన ఆయన ఇంగ్లీషు అక్షరం టైప్ చేయించారు. అక్కడ ఏ మాటకూ అతకని తెలుగు ముక్క ఒకటి నిలబడి ఉంది. 8 పక్కనా అంతే. పుస్తకం నిండా, ప్రతి బస్సుకూ అంతే. ఎడిటింగ్‌కి, ప్రూఫ్‌కి డబ్బు తీసుకున్న చోట ఒక్క మనిషి ఒక్క కథ చదివి ఉంటే మొదటి పేజీలోనే కనిపించేది.

తర్వాత నా దగ్గరకు వచ్చారు. రామంతాపూర్‌లో వాళ్లింటికి వెళ్లి చూశాను. మంచం కింద, మెట్ల కింద అట్టపెట్టెలు. షాపుల్లో పెట్టింది కొద్దిగా, మిగతావన్నీ ఇంటికే పంపేశారు. ఆయన నల్ల బాల్‌పెన్ పట్టుకుని ఒక్కో కాపీ తెరిచి, ఒక్కో నంబరు పక్కన కొట్టేసి సరైన అక్షరం రాస్తున్నారు. టికెట్లు పంచ్ చేసిన చేయి. గుండ్రంగా, ఒక్క చోట కూడా తొందర లేకుండా రాశారు. ఆ కాపీ ఒకటి నా దగ్గర ఉంది. మీలో ఎవరైనా చూడాలంటే ఇస్తాను.

మళ్లీ సరిగ్గా వేద్దామని ఇంకో ప్రెస్సుకు వెళ్లబోతే పాత సంస్థ ఒప్పుకోలేదు. ఆయన సంతకం చేసిన కాగితంలో, చిన్న అక్షరాల్లో, సమస్త హక్కులూ తమవేనని ఉందట. ఆయన అది రసీదనుకున్నారు.

ఈ హాల్లో ఎంతమంది అలాంటి కాగితం మీద సంతకం పెట్టారు? చేతులెత్తనక్కర్లేదు. ఇంటికెళ్లి ఆ కాగితం తీసి చదవండి. 1957 కాపీరైట్ చట్టం ఏం చెబుతోందో తెలుసుకుని చదవండి. రాసినవారే మొదటి హక్కుదారు. రాసిన క్షణం నుంచే ఆ హక్కు ఉంటుంది, రిజిస్టర్ చేయించకపోయినా ఉంటుంది. మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు. ఇంకొకరికి రాసివ్వాలంటే లిఖితపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ప్రతిఫలం ఎంత అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లనే లెక్క. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే, కాగితంలో వేరే విధంగా లేనప్పుడు, అది రద్దయినట్టే. 19వ సెక్షన్. రాసుకోండి.

కండక్టరుగారి కాగితంలో కాలం లేదు. ఐదేళ్లు ఆగారు. రెండో ముద్రణకు ప్రూఫు నేను చూశాను, నా తర్వాత మరో ఇద్దరు చూశారు, చివరికి ఆ డ్రైవరు కూడా చూశాడు. వేసింది కొద్ది కాపీలే. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం పుస్తక ప్రదర్శనలో ఒక మిత్రుడి స్టాల్‌లో పెడితే అయిపోయాయి.

టైము చూసుకోమంటున్నారు. సరే, డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను.

వెయ్యి కాపీలు వద్దు. వెయ్యి వేస్తే ఒక్కో కాపీ చౌకగా పడుతుందన్నది నిజమే, ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి వేసే అచ్చులో, ప్లేట్ల ఖర్చు అన్నిటి మీదా పంచుకుంటుంది కాబట్టి. కానీ అమ్ముడుపోని కాపీ ఏ ధరకు పడినా ఖరీదే. ఇప్పుడు ప్లేట్లు అక్కర్లేని డిజిటల్‌లో వంద కూడా వేసుకోవచ్చు. వంద వేసి, చదివించి, తప్పులు దిద్ది, మళ్లీ వేసుకోండి. పేజీల లెక్క కూడా చూసుకోండి. డెమీ సైజులో ఫారానికి, అంటే రెండు వైపులా అచ్చయ్యే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు. 160 అయితే సరిగ్గా పది ఫారాలు. 164 అయితే ఆ నాలుగు పేజీల కోసం ఇంకో ముక్క ఫారం వెయ్యాలి. ముందుమాటలు ఐదు వేయించుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ధర పెట్టేటప్పుడు పంపిణీదారు 40 శాతం, ఒక్కోసారి 50 దాకా తీసుకుంటాడని ముందే లెక్క కట్టండి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, ఇప్పిస్తామని డబ్బు అడుగుతారు. మన దేశంలో అది ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, సొంతంగా వేసుకునే రచయితకూ ఇస్తారు. ఆ నంబరు పుస్తకాన్ని గుర్తుపట్టడానికే. దానివల్ల హక్కు రాదు, పోదు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలని 1954 చట్టం చెబుతోంది. ప్రచురణకర్త మీరే అయితే ఆ బాధ్యతా మీదే. దయచేసి పంపండి. పెట్టెలు చెదలు పట్టినా అక్కడ ఒకటి ఉంటుంది.

అమ్మకం గురించి ఒక్క మాట. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. ఆయన పుస్తకాలు వేసి ఊరుకోలేదు, మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మారు. నిజాం కాలం, తెలుగు బడి దొరకడమే కష్టమైన రోజులు. అయినా చదివేవాళ్లను వెతుక్కుంటూ పోయారు. అది ప్రచురణ అంటే. "అన్ని షాపుల్లో పెడతాం" అని చెప్పేవాళ్లను ఏ షాపులో, ఎన్ని, లెక్క ఎప్పుడు చెబుతారు అని అడిగే హక్కు మీకుంది. అడగడం మర్యాద కాదనుకోకండి. మీ డబ్బు, మీ పేరు.

కవర్ గురించి, ప్రచారం గురించి నా తర్వాత మాట్లాడేవారు చెబుతారు. వారు నాకంటే బాగా చెప్పగలరు.

వెనక వరుసలో ఉన్న ప్రెస్సు మిత్రులకు ఒక విన్నపం. తేదీ పట్టుకుని పరుగెత్తుకొచ్చిన రచయితకు "అవదు" అని చెప్పండి. ఆ వారం బేరం పోతుందని నాకు తెలుసు. మీ పిల్లల ఫీజులు నాకు తెలుసు. అయినా చెప్పండి. మీరు చెప్తే వింటారు, నేను చెప్తే నసగాళ్ల జాబితాలో వేస్తారు.

ఇక మీకు. తలుపు దగ్గర బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టించాను. రాతప్రతి సిద్ధంగా ఉన్నవాళ్లు పేరు, ఫోన్ నంబరు, రాసింది కథలా, నవలా, కవిత్వమా అన్నది రాయండి. ఇద్దరిద్దరిని జత కలుపుతాం. ఒకరిది ఒకరు ప్రింటు తీసుకుని, ఎర్ర పెన్నుతో చదవాలి. ఫోన్‌లో కాదు. డబ్బు మాట లేదు. రెండో ప్రూఫులు వచ్చాక నాకు చూపించండి, ఓపిక ఉన్నంతవరకు చూస్తాను. ఇప్పటికే తేదీ పెట్టుకున్నవాళ్లు మాత్రం సభ అవగానే నేరుగా నా దగ్గరకు రండి. కార్డులు అచ్చుకు వెళ్లకపోతే హాలు వాళ్లతో నేనే మాట్లాడి తేదీ మార్పిస్తాను.

నమస్కారం.